బడిలో కొలతలు: మూల్యాంకన విధముల చరిత్ర

ఉపాధ్యాయ అర్హత పరీక్షకు చదువుకొనువారు తప్పక కంఠస్థము చేయు పట్టిక యొకటి కలదు. ఎడమవైపున లోపనిర్ధారణ మూల్యాంకనము, నిర్మాణాత్మక మూల్యాంకనము, సంగ్రహణాత్మక మూల్యాంకనము మున్నగు పేర్లుండును. కుడివైపున ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క నిర్వచనముండును. అభ్యర్థులు వానిని వల్లించి పరీక్షకు పోవుదురు. ప్రశ్న సూటిగా వచ్చినచో జవాబు తోచును. కొంచెము మెలిక పెట్టి అడిగినచో ఏ నిర్వచనము ఏ పేరునకు చెందునో తెలియక తడబడుదురు.

ఈ తడబాటునకు వారి జ్ఞాపకశక్తిని తప్పు పట్టనక్కరలేదు. ఆ పేర్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పుట్టుక కలదు. ఒక కాలమున, ఒక దేశమున, బడిలో ఎదురైన ఒక చిక్కునకు పరిష్కారముగా ఒక్కొక్క విధానము వచ్చినది. ఆ చిక్కేదో తెలిసినచో పేరును వేరుగా వల్లింపవలసిన పని యుండదు. ఆ చరిత్రను మనము ఈ ప్రసంగమున కొంత పరిశీలింతము. దారి పొడుగునను ఒక్క ప్రశ్నను చేత పట్టుకొని నడుతము: పరీక్ష ముగిసిన పిమ్మట దాని ఫలితముతో ఏమి చేసిరి?

ముందుగా మన సీమలోని బడినే చూతము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, తన పాలనలోని దేశీయ పాఠశాలల స్థితిగతులను తెలుపవలసినదిగా జిల్లా కలెక్టర్లను కోరెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. ఈయన తెలుగు నేర్చి, మన భాషకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించినవాడు. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్ళారి జిల్లాలోనే యుండెను. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చెను. బడులలో 226 తెలుగు బడులు.

ఆ బడి నడిచిన తీరును కాంబెల్ శ్రద్ధగా వర్ణించెను. సాధారణముగా నాలుగు తరగతులుండెడివి. బాలుడు తన శక్తిని, పురోగతిని బట్టి ఒక తరగతినుండి పై తరగతికి పోయెడివాడు. క్రింది తరగతులను పెద్ద విద్యార్థులు చూచుకొనెడివారు. గురువు పై తరగతికి పాఠము చెప్పుచునే బడినంతటిని ఒక కంట కనిపెట్టుచుండెడివాడు. ఉదయమున అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేత సున్న చుట్టెడివారు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాల్గవవానికి రెండు, అటుపై వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుచుండెను.

ఈ చిన్న చిత్రములో నేటి పట్టికలోని రెండు విధములు అప్పుడే కానవచ్చుచున్నవి. గురువు దినదినము కనిపెట్టి, శక్తి కలిగినప్పుడు బాలుని పై తరగతికి పంపుట ఒకటి. అక్కడ బాలుని కొలుచునది వాడు నేర్చిన పాఠమే. వచ్చిన వరుసను బట్టి సరస్వతినో దెబ్బనో పంచుట రెండవది. అక్కడ బాలుని కొలుచునవారు తక్కిన బాలురు. ఒకడు ఎంత పెందలకడ లేచి వచ్చినను, వానికన్న ముందు ఇరువురు వచ్చియున్నచో వానికి దెబ్బ తప్పదు. శిక్షణ కళాశాలలలో నేడు మొదటిదానిని ప్రమాణమును బట్టి కొలుచుట యనియు, రెండవదానిని సమూహమును బట్టి కొలుచుట యనియు బోధింతురు. అమెరికా విద్యావేత్త రాబర్ట్ గ్లేజర్ ఈ భేదమునకు 1963లో శాస్త్రీయమైన పేర్లు పెట్టెను. పేర్లు క్రొత్తవి, భేదము మాత్రము వీధి బడి అరుగుమీద ఏనాడో కూర్చుండి యున్నది.

కాంబెల్ ఒక లోపమును కూడ ఎత్తి చూపెను. పిల్లలు ఎన్నో పద్యములను పొల్లుపోకుండ అప్పగింతురు గాని, వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికిని తెలియునని ఆయన యభిప్రాయము. గురువు కన్ను నిరంతరము పిల్లలమీదనే యుండెను. అయినను ఆ కన్ను చూచినది అప్పగింతనే గాని అవగాహనను కాదు. కొలువదలచినదానినే కొలుచుచున్నామా యను ఈ విచారణకు నేటి పాఠ్యగ్రంథములలో సప్రమాణత యని పేరు.

ఇంచుమించు ఆ కాలముననే సముద్రముల కావల కూడ బడి పరీక్ష యనగా ప్రధానముగా నోటి పరీక్షయే. అమెరికాలోని బోస్టను నగరమున పాఠశాలా సంఘమువారు ఏటేట బడులకు వచ్చి, పిల్లలను నిలువబెట్టి ప్రశ్నలడిగి పోయెడివారు. ఒకనికి సులభమైన ప్రశ్న పడును, వేరొకనికి కఠినమైనది పడును. ఈ బడి మేలా, ఆ బడి మేలా యని పోల్చుటకు వీలులేదు. 1845లో, ఆ రాష్ట్ర విద్యామండలి కార్యదర్శి హొరేస్ మాన్ ప్రోత్సాహముతో, శామ్యూల్ గ్రిడ్లీ హౌ మొదలగువారు ప్రశ్నలను అచ్చు వేయించి, నగరములోని ఉన్నత తరగతుల పిల్లలకు ఒకే మోస్తరుగా ఇచ్చి, జవాబులు వ్రాయించిరి. ఫలితములు నిరాశ కలిగించెను. వ్రాసినవారు పిల్లలే యయినను, ఆ ఫలితములతో విమర్శకు గురియైనవారు ఉపాధ్యాయులు. వ్రాత పరీక్ష బడిలో కాలు పెట్టిన నాడే అది ఎవరిని కొలుచుచున్నదన్న సందేహము కూడ వెంటవచ్చినది.

మన దేశమున వ్రాత పరీక్ష విశ్వవిద్యాలయము వెంట వచ్చినది. 1854 నాటి వుడ్ విద్యాపత్రమును అనుసరించి, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండన్ విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొని ఏర్పడినవి. పాఠములు చెప్పుట కళాశాలల పని; పరీక్షించి పట్టములిచ్చుట విశ్వవిద్యాలయము పని. దానికి ముందే, 1844లో, ఇంగ్లీషు చదువు చదివినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యమిత్తుమని గవర్నరు జనరలు హార్డింజి ప్రకటించి యుండెను. ఈ రెండును కలిసి మెట్రిక్యులేషను పరీక్షను ఒక కోట వాకిలిగా మార్చినవి. దాటినవారు లోపల, తప్పినవారు వెలుపల. చదువు ముగిసిన పిదప తీర్పు చెప్పి, పట్టమిచ్చి పంపు ఈ పద్ధతియే సంగ్రహణాత్మక మూల్యాంకనమునకు ముఖ్యోదాహరణము. అది అప్రయోజనమని మనము చెప్పుట లేదు. తెలియని వైద్యునిచేత మందు పుచ్చుకొనువారికి అతని పట్టమే కదా ధైర్యము!

కాని తీర్పునకు డబ్బు ముడిపడినచో ఏమగునో ఇంగ్లండు చరిత్ర చెప్పుచున్నది. 1862లో రాబర్ట్ లో పూనికతో అచ్చట ఫలితములను బట్టి గ్రాంటు లిచ్చు నిబంధన అమలులోనికి వచ్చెను. ఆరేండ్లు దాటిన ఒక్కొక్క విద్యార్థికి హాజరు కొరకు 4 షిల్లింగులు, చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటి పరీక్ష కొరకు 8 షిల్లింగులు బడికి లభించును. విద్యార్థి ఒక్కొక్క విషయమున తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత పడును. తనిఖీదారు వచ్చు దినము ఉపాధ్యాయునకు కోతల దినమైనది. చరిత్ర, భూగోళము వెనుకబడినవి. చదివి చూపవలసిన పుస్తకమును పిల్లలు ముందుగనే వల్లించి యుంచుకొనిరి. కవియు, పాఠశాలల తనిఖీదారును అయిన మాత్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి బోధనను యాంత్రికము చేయుచున్నదని గట్టిగా విమర్శించెను. 1890ల దశాబ్దమున ఇంగ్లండు దానిని క్రమముగా విడిచిపెట్టెను. ఈ గ్రాంటుల విధానము మద్రాసు రాజధానికిని వచ్చి, మన వీధి బడులను కూడ తన క్రిందికి తెచ్చుకొనెను. నేర్చుట కొరకు పరీక్ష యుండవలసినది పోయి పరీక్ష కొరకు బోధన నడుచుచున్నదనియు, ఇదియే ఇచ్చటి ఉన్నత విద్యను పీడించు గొప్ప కీడనియు 1902 నాటి భారత విశ్వవిద్యాలయముల కమిషను తేల్చి చెప్పినది.

వ్రాత పరీక్షకు మరియొక చిక్కు కలదు. దిద్దువారు మారినచో మార్కులు మారును. 1913లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అను అమెరికా పరిశోధకులు రేఖాగణితములో ఒకే జవాబుపత్రము ప్రతులను 116 మంది ఉపాధ్యాయులచేత దిద్దించిరి. వచ్చిన మార్కులు 28 మొదలు 92 వరకు వ్యాపించినవి! వ్యాసరచనలో కాదు, రేఖాగణితములో. ఎవరు దిద్దినను, ఎన్నడు దిద్దినను ఫలితము నిలుకడగా నుండవలెనను గుణమునకు విశ్వసనీయత యని పేరు. ఆ గుణమును సాధించు ప్రయత్నములో భాగముగనే ఫ్రెడరిక్ కెల్లీ వంటివారు ఆ దశాబ్దమున, ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించు ప్రశ్నలను రూపొందించిరి. మొదటి ప్రపంచ యుద్ధమున, 1917 తరువాత, అమెరికా సైన్యము పదిహేను లక్షలకు మించిన మందిని ఇట్టి పరీక్షలతో జల్లెడ పట్టినది. బహుళైచ్ఛిక ప్రశ్న దిద్దువాని చాపల్యమును తొలగించినది, విశ్వసనీయత పెరిగినది. అయితే విశ్వసనీయత పెరిగినంతమాత్రమున సప్రమాణత తనంత తాను రాదు. తప్పిన త్రాసు ప్రతిదినము ఒకే తప్పు తూకము తూచినచో అది నిలుకడయే. నిజము మాత్రము కాదు.

ఇంతవరకు చూచినవన్నియు ఎన్నికకో తీర్పునకో పెట్టిన పరీక్షలు. సహాయము కొరకు పెట్టిన పరీక్ష కథ పారిసు నగరమున ఆరంభమగును. సాధారణ తరగతిలో వెనుకబడి, ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలను గుర్తించు మార్గము కావలసివచ్చినప్పుడు, ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ అనువారు 1905లో తమ ప్రజ్ఞామాపనిని ప్రకటించిరి. పిల్లవానికి ముద్ర వేయుట బినే యుద్దేశము కాదు. కాని అదే కొలబద్ద పరుల చేతులలో పడి, మనుష్యులకు శాశ్వతముగా హెచ్చుతగ్గులు నిర్ణయించుటకు ఉపయోగపడినది. సాధనము మారలేదు, ఫలితముతో చేసిన పని మారినది.

లోపనిర్ధారణ యన నేమో ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. 52లో 38 తీసివేయుమని మూడవ తరగతి బాలునకు ఇచ్చితిమి. వాడు 26 అని వ్రాసెను. తప్పు అని కొట్టివేసి సున్న వేయవచ్చును. లేదా, వాడు 26 ఎట్లు తెచ్చెనని విచారింపవచ్చును. ఒకట్ల స్థానమున 2లో 8 పోదు గనుక, వాడు 8లో 2 తీసి 6 వేసెను. పదుల స్థానమున 5లో 3 తీసి 2 వేసెను. పెద్దదానిలో చిన్నది తీయవలెనను సూత్రమును వాడు శ్రద్ధగా పాటించినాడు. పదిని అప్పు తెచ్చుట మాత్రము వానికి పట్టుబడలేదు. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు రేపు చెప్పవలసిన పాఠమును ఈనాడే నిర్ణయించుకొనగలడు. సున్న వేసి ఊరకున్న ఉపాధ్యాయునకు ఆ అవకాశము లేదు.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున పరీక్షల సంస్కరణ ముఖ్యమైన చర్చ యైనది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషను పని చేసినది. విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణను సూచింపవలసి వచ్చినచో పరీక్షల సంస్కరణనే సూచింతుమని ఆ కమిషను పేర్కొనినది. 1952-53 నాటి లక్ష్మణస్వామి మొదలియారు కమిషను, బహిరంగ పరీక్షల సంఖ్య తగ్గవలెననియు, విద్యార్థి ఏడాది పొడుగున చేసిన పనికి బడిలోని రికార్డుల ద్వారా విలువ కట్టవలెననియు సూచించినది. 1956లో జ్ఞానాత్మక రంగమున బోధన లక్ష్యముల వర్గీకరణమును వెలువరించిన బెంజమిన్ బ్లూమ్, ఆ వెంటనే మన దేశమునకు సలహాదారుగా వచ్చెను. 1958లో కేంద్ర పరీక్షా విభాగము ఏర్పడినది. జ్ఞాపకమును మాత్రమే కాక అవగాహనను, వినియోగమును, విశ్లేషణను కూడ ప్రశ్న పరీక్షింపవలెనని దేశమంతట ఉపాధ్యాయులకు శిక్షణ జరిగినది. కాంబెల్ చూచిన చిలుకకు ఇంచుమించు నూటముప్పదియైదేండ్లకు దొరికిన సమాధానమిది.

నిర్మాణాత్మకము, సంగ్రహణాత్మకము అను జంటపదములు తరువాత వచ్చినవి. 1967లో మైకేల్ స్క్రివెన్ వానిని పాఠ్యప్రణాళికల విషయమున ప్రయోగించెను: ప్రణాళిక తయారగుచున్నప్పుడు సరిదిద్దుట కొరకు చేయు పరిశీలన ఒకటి, తయారైన పిదప దాని మంచిచెడ్డలు తేల్చుట వేరొకటి. బ్లూమ్ ఈ భేదమును విద్యార్థి చదువునకు అన్వయించి, 1971లో హేస్టింగ్స్, మడాస్ అనువారితో కలిసి పెద్ద గ్రంథము వెలువరించెను. మన పల్లె భాషలో చెప్పవలెనన్నచో, రైతు నారుమడి గట్టున నిలిచి ఆకు రంగు చూచుట నిర్మాణాత్మకము. కళ్ళములో ధాన్యము కొలుచుట సంగ్రహణాత్మకము. నారు పసుపుబారినచో నీరో ఎరువో పెట్టుటకు వ్యవధి యుండును. కళ్ళములో కొలత తక్కువైనచో ఆ యేటికి చేయగలిగినది లేదు.

1988లో రూత్ బట్లర్ అను పరిశోధకురాలు జరిపిన ప్రయోగము ఇచ్చట గుర్తింపదగినది. కొందరు విద్యార్థులకు మార్కులు మాత్రమే ఇచ్చిరి. కొందరికి సూచనలు మాత్రమే వ్రాసి ఇచ్చిరి. కొందరికి రెండును ఇచ్చిరి. సూచనలు మాత్రమే పొందినవారి పని మెరుగుపడినది. రెండును పొందినవారికి ఆ మేలు కలుగలేదు. మార్కు కనబడినంతనే కన్ను సూచనమీద నిలువదు కాబోలు.

మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధిగా పేర్కొనినది. ఆ యేడే కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన బడులలో ఇట్టి పద్ధతిని ప్రవేశపెట్టి, నిర్మాణాత్మక పరీక్షలకు నూటికి 40, సంగ్రహణాత్మక పరీక్షలకు 60 చొప్పున మార్కులు కేటాయించెను. తెలుగునాట కూడ ఈ పేర్లు ప్రతి ఇంటికిని తెలిసినవి. ఉద్దేశము మంచిదే. కాని నిర్మాణాత్మకమునకు కూడ మార్కులు వేసి, వానిని తుది లెక్కలో కలిపినచో జరుగునదేమి? అది నారుమడి గట్టు పరిశీలనగా నిలువక, కళ్ళపు కొలతలో ఒక చిన్న కుంచమైనది. ఉపాధ్యాయులు రిజిస్టర్లు నింపుటలో మునిగిరి. తల్లిదండ్రులు పిల్లల ప్రాజెక్టులు తామే అంటించి పంపిరి. 2017లో ఆ మండలి ఈ పద్ధతిని విరమించుకొనెను. 2019లో చట్టమును సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్షలకును, అవసరమైనచో పిల్లలను అదే తరగతిలో నిలుపుటకును మార్గము తెరచిరి. పేరు మార్చినంతమాత్రమున మూల్యాంకనము స్వభావము మారదని ఈ యెనిమిదేండ్ల అనుభవము తెలుపుచున్నది.

ఇప్పుడు ఉపాధ్యాయ అర్హత పరీక్షను అదే ప్రశ్నతో చూతము. విద్యాహక్కు చట్టమును అనుసరించి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న దీనిని తప్పనిసరి చేసినది. ప్రశ్నలు 150, అన్నియు బహుళైచ్ఛికములు. నూటికి 60 వచ్చినచో అర్హత. వెనుకబడిన వర్గములు మున్నగువారికి రాష్ట్రములు సడలింపు లిచ్చినవి. ఇరుగుపొరుగు అభ్యర్థులకు ఎన్ని వచ్చినవన్న విచారణ అర్హతకు అక్కరలేదు. కనుక ఇది ప్రమాణమును బట్టి కొలుచు పరీక్ష. కాని మన తెలుగు రాష్ట్రములలో ఈ మార్కులకు ఉపాధ్యాయ నియామకములలో నూటికి 20 వంతుల వెయిటేజి కల్పించిరి. ఆ క్షణమునుండి అవే మార్కులు వరుస నిర్ణయించు మార్కులైనవి. అర్హత పొందినవారు కూడ ఇంకొక మార్కు కొరకు మరల మరల వ్రాయుట అందుచేతనే. ఒకే పరీక్ష ఒక చేత ప్రమాణమును, వేరొక చేత వరుసను పట్టుకొని యున్నది. బళ్ళారి బడిలోని పై తరగతి మెట్టును, సరస్వతి ముద్రయు ఒక్కటైనట్లున్నది.

2025 సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ విచారణకు బరువు పెరిగినది. చట్టమునకు ముందే నియమింపబడి, పదవీ విరమణకు ఐదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు కూడ రెండేండ్లలో ఈ అర్హత సాధింపవలెనని ఆ తీర్పు పేర్కొనినది. ఇరువదియేండ్లు పాఠము చెప్పినవారు మరల పుస్తకము పట్టి, నిర్మాణాత్మకమునకును సంగ్రహణాత్మకమునకును భేదము వల్లింపవలసి వచ్చినది. వారి జీవనాధారమే అందు ముడివడి యున్నది. తరగతిలో కనీస ప్రమాణము గల ఉపాధ్యాయుడు ఉండుట పిల్లల హక్కు, దానిని కాదనలేము. అయితే ఇంతటి పరీక్ష తుదకు మార్కులను, అర్హతను ప్రకటించి ఊరకుండుచున్నది. ఏ భావనలో ఏ పొరపాటు చేసిరి, దానిని సరిదిద్దుకొను మార్గమేది యని తప్పినవానికి చెప్పుట లేదు. నిర్మాణాత్మకమును గురించి ప్రశ్నించు పరీక్ష తాను నిర్మాణాత్మకము కాలేదు. ఫలితముల వెంట అట్టి సూచనలనిచ్చి, తప్పినవారికి తగిన శిక్షణ ఏర్పరచుట ప్రభుత్వములు తలపెట్టదగిన పని.

అభ్యర్థులకు మా మనవి యొక్కటే. పట్టికను విడువనక్కరలేదు, కాని ప్రతి పేరును ఆ తీసివేత లెక్కకు అన్వయించి చూడుడు. 52లో 38 పోగా 26 అని వ్రాసిన బాలుని పలక మీ చేతిలో నున్నది. పొరపాటు ఎక్కడనో వెదకినచో అది లోపనిర్ధారణము. వెదకి, రేపటి పాఠమును మార్చినచో నిర్మాణాత్మకము. ఏడాది చివర ప్రగతి పత్రములో వ్రాసినచో సంగ్రహణాత్మకము. తీసివేత వచ్చినదా రాలేదా యని మాత్రమే చూచినచో ప్రమాణమును బట్టి కొలుచుట. తరగతిలో వాడు ఎన్నవవాడని చూచినచో సమూహమును బట్టి కొలుచుట. లెక్క ఒక్కటే, పలక ఒక్కటే. పలకను చేతికి తీసికొన్న ఉపాధ్యాయుడు తరువాత చేయు పనిని బట్టియే దానికి పేరు వచ్చును. ఆ బాలునకు పదిని అప్పు తెచ్చుట వచ్చునో రాదో కూడ ఆ పనిని బట్టియే తేలును.